బెజవాడ ఫ్లాట్‌లో కుక్కపిల్ల: మొదటి నాలుగు నెలలు

సిట్ అంటే కూర్చుంటుంది, షేక్‌హ్యాండ్ ఇస్తుంది, కానీ ఇల్లంతా పోసేస్తోంది. రెండు నెలల పిల్లని తెచ్చుకున్న ఇళ్లల్లో పది రోజులకల్లా వినపడే మాట ఇది. షేక్‌హ్యాండ్ పావుగంటలో నేర్పొచ్చు, చుట్టాలొస్తే చూపించుకోడానికి బాగుంటుంది. ఎక్కడ పోయాలి, ఎప్పుడు తినాలి, ఎంతసేపు పడుకోవాలి, దేన్ని కొరకొచ్చు అన్నవి మాత్రం ఇంట్లో అందరూ ఒక్క తీరుగా ఉంటే తప్ప రావు. అమ్మ సోఫా మీంచి దింపేసి, నాన్న టీవీ చూస్తూ ఒళ్లో పెట్టుకుని, నాయనమ్మ జాలిపడి బిస్కెట్ పెడితే ఆ పిల్లకి అర్థమయ్యేది ఒకటే: సతాయిస్తూ ఉంటే ఎవరో ఒకరు ఒప్పుకుంటారు.

ముందు వయసు సంగతి. అమ్మేవాళ్లు 30, 35 రోజుల పిల్లని చేతిలో పెట్టి "చిన్నప్పుడే తీసుకెళ్తే బాగా మాలిమి అవుతుందండీ" అంటారు. నమ్మకండి. కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, అయిదో వారం నుంచి ఎనిమిదో వారం దాకా పిల్ల తన తోబుట్టువులతో ఆడుతూ నేర్చుకునేది మనం నేర్పలేం. గట్టిగా కొరికితే అవతలి పిల్ల కీచుమని ఆట మానేస్తుంది. అలా పదిసార్లు ఆట పోగొట్టుకున్న పిల్లకే ఎంత గట్టిగా కొరకొచ్చో తెలుస్తుంది. అమ్మేవాళ్లు చెప్పిన తేదీ మీద అనుమానముంటే నోరు తెరిచి చూడండి. 8 వారాలకి పైన 14, కింద 14, మొత్తం 28 పాలపళ్లు దాదాపుగా వచ్చేసి ఉండాలి. దవడ పళ్లు ఇంకా చిగుళ్లలోనే ఉంటే ఆ పిల్లని తల్లి దగ్గరే ఇంకొన్నాళ్లు ఉంచమనండి.

జాతి గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో మంచు దేశాల కుక్క హస్కీని పెంచాలంటే ఏసీ బిల్లు కట్టే ఓపిక జీవితాంతం ఉండాలి. మన వీధిలో పుట్టిన నాటు పిల్ల ఈ ఎండకి అలవాటుపడ్డ రక్తం, తెలివిలో దేనికీ తీసిపోదు.

టీకాలు, పార్వో, ఫినాయిల్ భ్రమ

మొదటి టీకా 6 నుంచి 8 వారాల మధ్య పడాలి. అక్కణ్నుంచి మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా కొనసాగాలి. రేబిస్ టీకా 12 వారాలు నిండాక. "ఒకటి వేయించాం కదండీ, చాలదా?" అని అడుగుతారు. చాలదు. పిల్ల తాగిన ముర్రుపాలలోంచి తల్లి రక్షణ కొంత వస్తుంది. ఆ రక్షణ రోగాన్ని ఎలా అడ్డుకుంటుందో టీకాని కూడా అలాగే అడ్డుకుంటుంది. ఒక పిల్లలో అది ఆరో వారానికే తగ్గిపోవచ్చు, ఇంకో పిల్లలో పద్నాలుగో వారం దాటినా ఉండొచ్చు. మధ్యలో కొన్ని రోజులు మరీ ఇరకాటం: తల్లి రక్షణ రోగాన్ని ఆపలేనంత తగ్గిపోయి ఉంటుంది, టీకాని చెడగొట్టేంత మాత్రం మిగిలి ఉంటుంది. అందుకే ఒకటి కాకపోతే ఇంకోటి పనిచేసేలా వరసగా వేస్తారు. చివరి డోసు ఎగ్గొట్టినవాళ్లు ముందు వేయించినవాటి మీద భరోసా పెట్టుకోవడానికి లేదు.

టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మెడికల్ షాపులో కొని, స్కూటీ డిక్కీలో పడేసి, మే నెల మధ్యాహ్నం బందరు రోడ్డు ట్రాఫిక్‌లో అరగంట తిరిగాక ఆ సీసాలో మిగిలేదాన్ని నమ్ముకోలేం. డాక్టరు తన ఫ్రిజ్‌లోంచి మీ కళ్లెదుట తీసి వేయాలి, సీసా మీది స్టిక్కర్ మీ కార్డులో అంటించాలి. స్టిక్కర్ లేని కార్డుతో పిల్లని అమ్మితే టీకా పడలేదనే లెక్కేసుకోండి. ఏటా జూలై 6న, అంటే 1885లో శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ ఒక పిల్లాడికి మొదటిసారి రేబిస్ టీకా వేసిన రోజున, జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకి అంటే రోగాల దినం) పేరుతో ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకి రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తుంటారు. గుర్తుపెట్టుకుంటే పనికొస్తుంది.

కుక్కపిల్లల ప్రాణం తీసేవాటిలో ముందుండేది పార్వో అనే వైరస్ రోగం. తిండి ముట్టదు, ముడుచుకు పడుకుంటుంది, వాంతులు, ఆ తర్వాత భరించలేని నీచు వాసనతో రక్తవిరేచనాలు. ఇది కనిపిస్తే పెరుగన్నం, ఓఆర్ఎస్ అంటూ ఇంట్లో ఒక్క పూట కూడా గడపకండి. ఒంట్లో నీరు పోతే పిల్ల ప్రాణానికే ముప్పు, నోటితో తాగిస్తే నిలవదు, సెలైన్ ఎక్కించాల్సిందే. ఊళ్లో మీ డాక్టరు దొరక్కపోతే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, చెప్పులకి అంటుకుని ఇంట్లోకి వస్తుంది. ఫినాయిల్‌తో తుడిచాం కదా అనుకుంటారు. పార్వోని ఫినాయిల్ నమ్మకంగా చంపదు, చేతులకి రాసుకునే శానిటైజర్ కూడా చంపదు. పైగా ఫినాయిల్ ఆరని నేల మీద నడిచిన పిల్ల పాదాలు నాక్కుంటుంది, ఆ మందు కడుపులోకి పోతుంది. పనిచేసేది బట్టల బ్లీచ్. ముందు మురికి మొత్తం కడిగేయాలి, మురికి మీద బ్లీచ్ పనిచేయదు. తర్వాత లీటరు నీళ్లకి 30 మిల్లీలీటర్ల బ్లీచ్ కలిపి నేలంతా పోసి 10 నిమిషాలు తడిగా ఉంచి, మంచినీళ్లతో కడిగి, ఆరాకే పిల్లని వదలాలి. బ్లీచ్‌లో వెనిగర్, ఫినాయిల్, యాసిడ్ లాంటివేవీ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

వానాకాలానికి లెప్టో (లెప్టోస్పైరోసిస్) అనే రోగాన్ని కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలోంచి వస్తుంది, కుక్క నుంచి మనుషులకీ అంటుతుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు సింగ్‌నగర్ వీధుల్లోకి వచ్చినప్పుడు చూసినవాళ్లకి ఎక్కడి నీళ్లు ఎక్కడికి చేరతాయో వేరే చెప్పక్కర్లేదు. చాలా రోగాలకి కలిపి ఒకే ఇంజెక్షన్‌గా ఇచ్చే కాంబినేషన్ టీకాల్లో కొన్నిటిలో లెప్టో ఉండదు, ఉందా లేదా అని పేరు పెట్టి అడగండి. గుంటల్లో నిలిచిన నీళ్లు తాగనివ్వకండి, కాలవ గట్టున దింపకండి.

నులిపురుగుల మందు రెండో వారం నుంచి రెండు వారాలకోసారి, ఎనిమిది వారాలు దాటాక ఆరు నెలలు వచ్చేదాకా నెలకోసారి. ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే పిల్లకి చేరతాయి కాబట్టి "మా పిల్ల బయటికే వెళ్లదు" అన్న మాట ఇక్కడ చెల్లదు. డోసు బరువుని బట్టి ఉంటుంది. పిల్లని ఎత్తుకుని కాటా ఎక్కండి, దింపేసి మళ్లీ ఎక్కండి, తేడానే దాని బరువు. వారానికోసారి రాసిపెట్టండి. బరువు పెరగడం ఆగిందంటే ఏదో తేడా ఉంది.

పోయడం, ఏరగడం

పగటిపూట పిల్ల ఎంతసేపు ఆపుకోగలదంటే, దాని వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలపండి, అన్ని గంటలు. రెండు నెలల పిల్లకి మూడు గంటలు, అదీ నిద్రలో ఉంటే. మెలకువగా ఉండి ఆడుతుంటే 45 నిమిషాలకే వచ్చేస్తుంది. నిద్ర లేచిన వెంటనే, తిన్న 5 నుంచి 20 నిమిషాల లోపు, ఆట ఆపగానే, రాత్రి పడుకునే ముందు, ఈ నాలుగు వేళలు తప్పకుండా తీసుకెళ్తే సగానికి సగం తప్పులు ఆగిపోతాయి. ముక్కు నేలకి ఆనించి గుండ్రంగా తిరుగుతోందంటే మీకు పది సెకన్లు టైముంది.

టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో దించకూడదు కాబట్టి ఫ్లాట్‌లో బాల్కనీయే గతి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, పాత గోనెపట్టానో దుప్పటి ముక్కో వేయడం. ఏ నేల మీద కాళ్లకి అలవాటైతే పిల్ల అదే నేలని వెతుక్కుంటుంది. గోనెపట్టా మీద అలవాటు చేస్తే గుమ్మంలో పట్టా కూడా దాని లెక్కలో బాత్రూమే. పేపర్ మీద అలవాటు చేస్తే తాతగారు సగం చదివి కింద పెట్టిన ఆదివారం అనుబంధం గతి అంతే. రేపు గడ్డి మీదకి తీసుకెళ్లాలనుకుంటే ఇవాళే ప్లాస్టిక్ గడ్డి మ్యాట్ వేయండి. కింద నీళ్లు దిగే ట్రే, రెండడుగులకి మూడడుగులు సరిపోతుంది. రోజూ కడగండి కానీ మొదటి వారం పూర్తిగా వాసన పోయేలా కడగకండి, ఆ కొద్ది వాసనే దానికి దారి చూపిస్తుంది. ఇంట్లో మిగతా కాలిపట్టాలన్నీ రెండు నెలలు ఎత్తేయండి.

తీసుకెళ్లి నిలబెట్టండి, మాట్లాడకండి, ఆడించకండి. పోస్తుండగా "సుస్సు" అనో ఇంకేదో ఒకే మాట మెల్లగా అనండి. అయిపోయిన రెండు సెకన్లలో అక్కడే చిన్న ముక్క తిండి పెట్టండి. లోపలికొచ్చాక పెడితే లోపలికొచ్చినందుకు పెట్టినట్టు. అయిదు నిమిషాల్లో పోయకపోతే ఎత్తుకుని లోపలికి తెచ్చి చేతుల్లోనో, క్రేట్ అనే జాలీ పెట్టెలోనో ఉంచి, పది నిమిషాలాగి మళ్లీ తీసుకెళ్లండి. బాల్కనీలో పోయని పిల్లని హాల్లో వదిలేస్తే ఏమవుతుందో అందరికీ తెలిసిందే.

తప్పు చేసినచోట మూతి రుద్దడం, పేపర్ చుట్టి కొట్టడం మన దగ్గర ఇంకా పోలేదు. పిల్ల ఏ పనికైనా వెంటనే జరిగినదాన్నే ముడిపెట్టుకుంటుంది. పది నిమిషాల తర్వాత కొడితే అది నేర్చుకునేది "మనుషులు చూస్తుండగా పోయకూడదు" అని. అలాంటి పిల్ల సోఫా వెనక పోస్తుంది, బాల్కనీలో మీ ముందు మాత్రం బిగబట్టుకుని నిలబడుతుంది. "తప్పు చేసినట్టు మొహం పెట్టిందండీ" అంటారు. అది మీ మొహం చూసి పెట్టిన మొహం.

ఇంట్లో పోసినచోట సర్ఫ్ నీళ్లతో కడిగి, ఆరాక ఎంజైమ్ క్లీనర్ చల్లండి. పెట్ షాపుల్లో దొరుకుతుంది. అది లేకపోతే తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి తుడవండి. మన ముక్కుకి వాసన పోయినా దాని ముక్కుకి పోదు.

రాత్రి తిండి ఏడున్నరకల్లా ముగించండి. నీళ్లు మాత్రం బెజవాడ ఉక్కలో ఆపకండి. పదిన్నరకి ఒకసారి, రెండింటికి అలారం పెట్టుకుని ఒకసారి, అయిదింటికి ఒకసారి. అది ఏడ్చేదాకా ఆగితే ఏడిస్తే మనుషులొస్తారని నేర్చుకుంటుంది, అలారానికి మీరే లేస్తే ఆ పాఠం ఉండదు. మూడో నెల చివరికి రెండింటి అలారం దానంతటదే అక్కర్లేకుండా పోతుంది. క్రేట్ వాడితే పిల్ల నిలబడి, తిరిగి, కాళ్లు చాపి పడుకునేంత ఉంటే చాలు. అంతకంటే పెద్దదైతే ఒక మూల పోసి ఇంకో మూల పడుకుంటుంది. మీ మంచం పక్కన, ఫ్యాన్ గాలి తగిలేచోట పెట్టండి.

తిండి

తెచ్చిన రోజే తిండి మార్చొద్దు. అమ్మినవాళ్లు సెరిలాక్, పాలు పెట్టి ఉంటే అదే రెండు రోజులు పెట్టి, తర్వాత కొత్తది పావు వంతు, సగం, ముప్పావు అంటూ వారంలో మార్చండి. ఆవు పాలు, గేదె పాలు చాలా పిల్లలకి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. మూడు నెలల దాకా రోజుకి నాలుగు పూటలు, ఆరు నెలల దాకా మూడు, తర్వాత రెండు.

ఎంత పెట్టాలన్నదానికి పశువైద్యులు వాడే లెక్క ఒకటుంది. బరువుని కేజీల్లో తీసుకుని 0.75 ఘాతం కట్టి, 70తో గుణిస్తే కూర్చున్నచోట ఖర్చయ్యే కేలరీలు. నాలుగు నెలల లోపు పిల్లకి దానికి మూడు రెట్లు. 5 కేజీల పిల్లకి అది 700 కేలరీలు. పప్పీల డ్రై ఫుడ్ 100 గ్రాములకి 350 నుంచి 400 కేలరీలు ఇస్తుంది, అంటే రోజుకి 180, 190 గ్రాములు, పూటకి 45 గ్రాముల చిల్లర. బరువు మారినప్పుడల్లా లెక్క మార్చాలి. ట్రీట్లు కూడా ఈ లెక్కలోంచే తగ్గాలి. గట్టిగా ఉండే మలం రోజు చివరికి మెత్తబడుతోందంటే ఎక్కువ పెడుతున్నారని అర్థం.

పెరుగన్నం విషమేమీ కాదు, కానీ పెరిగే పిల్లకి అందులో మాంసకృత్తులు చాలవు. కోడిమాంసం, అన్నం కలిపి పెడితే మాంసకృత్తులు వస్తాయి, కాల్షియం రాదు. అలాగని పప్పీ ఫుడ్ మీద ఉన్న లాబ్రడార్‌కీ జర్మన్ షెపర్డ్‌కీ కాల్షియం టానిక్ పోస్తే పెద్ద జాతుల్లో ఎముకలు వంకర్లు పోతాయి. ఏదో ఒక దారి పట్టుకోండి: పూర్తి ప్యాకెట్ తిండి, లేదా డాక్టరు రాసిచ్చిన లెక్కతో ఇంటి తిండి.

పొమరేనియన్, షిట్జూ లాంటి బుల్లి జాతుల పిల్లలు అయిదారు గంటలు తినకపోతే చక్కెర పడిపోయి తూలుతాయి. చిగుళ్లకి తేనె రాసి డాక్టరు దగ్గరికి పరిగెత్తండి.

పెట్టకూడనివాటిలో మన వంటిల్లే ముందుంది. ఉల్లి, వెల్లుల్లి పడని కూర మన దగ్గర ఏది? రెండూ కుక్క రక్తకణాల్ని పగలగొడతాయి. పాయసంలో కిస్మిస్, ద్రాక్ష, చాక్లెట్, షుగర్‌లెస్ చూయింగ్ గమ్ వద్దు. ఉడికిన ఎముకలు ముళ్లలా చీలతాయి. ఇక వేసవి వచ్చిందంటే నూజివీడు రసాలు. పండు గుజ్జు కాస్త తింటే ఏమీ కాదు, టెంక మింగితే పేగులో అడ్డంపడి ఆపరేషన్ దాకా వెళ్తుంది. టెంకలు వేసే బుట్టకి మూత ఉండాలి. జ్వరంగా ఉందని మన పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ అసలే వేయకండి.

కొరకడం

రెండు నెలల పిల్ల రోజుకి 18 గంటలు పడుకోవాలి. సాయంత్రం ఏడింటికి పిచ్చిపట్టినట్టు కాళ్లు కొరికే పిల్లల్లో చాలావాటికి కావాల్సింది నిద్ర. గంట మెలకువ, రెండు గంటలు నిద్ర అన్న లెక్క పెట్టి చూడండి. మిగతాదానికి మందు ఒకటే: పళ్లు ఒంటికి తగిలిన క్షణం ఆట ఆగాలి, లేచి అరనిమిషం పక్కకి వెళ్లిపోవాలి, తిరిగొచ్చి బొమ్మ అందించాలి. మూతి మీద కొడితే దానికి అది ఇంకో ఆట, లేదంటే చేతులంటే భయం. చిన్నపిల్లలున్న ఇంట్లో అరుస్తూ పరిగెత్తొద్దని ముందు వాళ్లకి నేర్పాలి, పరిగెత్తేదాని వెంట పడటం కుక్క పుట్టుక.

పళ్లు గీరుకుని రక్తం వస్తే "మన కుక్కే కదా" అని ఊరుకోకండి. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు మనుషుల డాక్టరుకి ఆ గాయం చూపించండి. రేబిస్ టీకా పడని పిల్ల, అందులోనూ వీధిలోంచి తెచ్చుకున్నదైతే, చిన్నదని వదిలేయడానికి లేదు. ప్రభుత్వాసుపత్రిలో మనుషులకి రేబిస్ టీకాలు ఉచితం.

ఊరు చూపించడం

మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా పిల్ల మెదడు తలుపులు తెరిచి ఉంటాయి. ఆ లోపు చూసినదాన్ని మామూలుగా తీసుకుంటుంది, ఆ తర్వాత కొత్తగా చూసినదానికి బెదురుతుంది. చిక్కేమిటంటే టీకాలు పూర్తయ్యేది పదహారో వారానికి. అంతదాకా గదిలో పెట్టి, తర్వాత బెంజ్ సర్కిల్ తీసుకెళ్తే ఆ కుక్క జీవితాంతం లారీ హారన్‌కి వణుకుతుంది. అందుకే చంకనెత్తుకుని తిప్పండి. కాళ్లు నేలకి తగలకూడదు, అంతే. ఏలూరు రోడ్డు ఆటోలు, హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు, గొడుగు, కర్రతో నడిచే తాతగారు, బుర్ఖా వేసుకున్నవాళ్లు, లిఫ్ట్, నీళ్ల మోటారు, కుక్కర్ విజిల్, మిక్సీ. రోజుకి రెండు మూడు కొత్తవి, దూరం నుంచి, తిండి పెడుతూ. తోక కాళ్ల మధ్య పెట్టి తిండి మానేసిందంటే దగ్గరైపోయారని, వెనక్కి జరగండి. వినాయక చవితి డప్పులు, దీపావళి టపాకాయలు ఫోన్‌లో మొదట వినీ వినపడనంత సౌండ్‌తో, తిండి వేళ వినిపించండి. పండగ రోజు నేర్పడం కుదరదు.

మాటల సంగతి. బెజవాడ కుక్కలకి ఎందుకో ఇంగ్లీషే వస్తుంది. ఏ భాషైనా పర్లేదు కానీ పనికి ఒక మాటే. అబ్బాయి "సిట్", అమ్మ "కూర్చోమ్మా", నాన్న "సిట్ డౌన్ రా" అంటే మూడు మాటలు. ఫ్రిజ్ మీద కాగితం అంటించి అందరూ అదే వాడండి. రెండు నిమిషాల క్లాసు, రోజుకి నాలుగైదుసార్లు, శనగగింజంత ఉడికిన చికెన్ ముక్క. "రా" అని పిలిచి తిట్టడం, స్నానం చేయించడం, మందు మింగించడం చేయకండి, ఆ మాట పాడైపోతుంది. వాటికి మీరే దాని దగ్గరికి వెళ్లండి. ఒంటరిగా ఉండటం కూడా ఇలాగే, గది తలుపు వేసి ఒక నిమిషం, మూడు, అయిదు, పది. సెలవు పెట్టి వారమంతా ఒళ్లో పెట్టుకుని సోమవారం ఎనిమిది గంటలు వదిలేస్తే ఫ్లాట్ అసోసియేషన్ వాట్సాప్‌లో మీ పేరు మోగుతుంది.

ఎండ, పిడుదులు

కుక్కకి చెమట దాదాపుగా పట్టదు, నాలుక చాపి ఒగర్చడమే దాని ఏసీ. గాలిలో తేమ ఎక్కువైతే అది కూడా సరిగ్గా పనిచేయదు, కృష్ణ ఒడ్డున తేమకి కొదవా? వేసవిలో నడక పొద్దున ఆరున్నర లోపు ముగియాలి. అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలు కూడా ఆన్చకూడదు. మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 104 దాటి, ఒగర్పు ఆగక, చొంగ చిక్కగా కారుతుంటే కుళాయి నీళ్లతో ఒళ్లంతా తడిపి ఫ్యాన్ కింద పెట్టి, తడి ఒంటితోనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పిడుదులు, కొందరు గోమార్లంటారు, మన ఊళ్లో ఏడాది పొడుగునా ఉంటాయి. రోజూ సాయంత్రం చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద వేళ్లతో తడిమి చూడండి. పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగాలి, నలపకూడదు. పశువులకి వాడే పిడుదుల మందు నీళ్లలో కలిపి పిల్లకి పోయడం ప్రాణాంతకం. మాత్ర అయినా మెడ మీద వేసే చుక్కలైనా, ఏ వయసు నుంచి, ఏ బరువుకి అన్నది డబ్బా మీద చూసి డాక్టరుని అడిగే వాడండి. ఈ తడమడం వల్ల ఇంకో లాభం, నాలుగు నెలలొచ్చేసరికి పాదాలు, చెవులు, నోరు ఎవరు పట్టుకున్నా పిల్ల బెదరదు, గోళ్లు కత్తిరించేటప్పుడు ఇద్దరు పట్టుకోవాల్సిన పని ఉండదు.

నాలుగో నెలలో ముందుపళ్లు ఊడటం మొదలవుతాయి. ఊడినవి చాలావరకు మింగేస్తుంది, కంగారు పడక్కర్లేదు. చెప్పులు, కుర్చీ కాళ్లు కొరకడం మళ్లీ పెరుగుతుంది. తడిపి ముడేసిన పాత తువ్వాలు ఫ్రీజర్‌లో పెట్టి ఇస్తే చిగుళ్లకి హాయి, దగ్గరుండి కొరికించి తీసేసుకోండి. ఆరు నెలలు దాటాక కూడా కోరపన్ను పక్కన పాల కోర నిలిచి ఉంటే, ముఖ్యంగా బుల్లి జాతుల్లో, అది తనంతట ఊడదు, డాక్టరు చేత తీయించాలి. రెంటి మధ్య తిండి ఇరుక్కుంటుంది, కొత్త పన్ను పక్కకి పెరుగుతుంది.